చీపురు వంతులు మారాక: ఒక జెడ్పీ హైస్కూలు కేస్ స్టడీ

ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు సంక్రాంతి సెలవుల తర్వాత బడికి సరిగ్గా రావడం మానేశాడు. వచ్చిన రోజు కూడా ప్రార్థన అయిపోయాక మెల్లగా వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. ఇంటర్వెల్‌లో తరగతి గది దాటేవాడు కాదు. మాది పల్నాడులో మిరప, పత్తి పండే చోట ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. సంక్రాంతి దాటాక మిరప కోతలు జోరందుకుంటాయి. ఆ రోజుల్లో ఎవరైనా రాకపోతే "కోతలకు పోయుంటాడులే" అనుకోవడం స్టాఫ్ రూంలో మామూలు. ఈ అబ్బాయి గురించీ అదే అనుకున్నారు. నేను సోషల్ చెప్తాను, ఆ తరగతికి క్లాస్ టీచర్ని. ఇంటికి వెళ్లి అడిగితే కారణం వేరే అని తెలిసింది. ఆ కారణం ఒక్క పిల్లవాడితో తేలేది కాదని కూడా అర్థమైంది. ఆ తర్వాత ఏడాది పాటు బడిలో ఏం చేశామో తోటి టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. పిల్లల్ని, వాళ్ల ఇళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

జరిగింది

అబ్బాయి తండ్రి లారీ డ్రైవరు, నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటాడు. తల్లి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. తెల్లారేసరికి ఆటో వస్తుంది. ఆమె వెళ్లాక అన్నం వండటం, చెల్లెల్ని లేపి తయారు చేయడం, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టడం ఈ అబ్బాయి పని. చెల్లెలు మా బడిలోనే ఆరో తరగతి. ఒకరోజు దారిలో ఆ పిల్ల జడ ఊడిపోతే బడి గేటు పక్కన నిలబెట్టి మళ్లీ వేశాడు. నలుగురు చూశారు. మర్నాటికి "జడలక్క" అనే పేరు తయారైంది.

అదే వారంలో సంక్రాంతి ముగ్గుల పోటీకి పేర్లు రాసుకున్నారు. ఇతను చెయ్యెత్తాడు. చుక్కల ముగ్గు ఇతనికి బాగా వచ్చు. తల్లి పనికి వెళ్లిపోతుంది కాబట్టి ఇంటి ముందు ముగ్గు పెట్టేదీ ఇతనే. పేర్లు రాస్తున్న టీచరు, "ఇది ఆడపిల్లల పోటీరా, గాజులు తొడుక్కుని రా, రాస్తాను" అన్నారు. తరగతి మొత్తం నవ్వింది. ఆ టీచరు మనసులో ద్వేషం లేదు, నాకు తెలుసు. సాయంత్రానికి ఆ మాట ఆయనకు గుర్తు కూడా లేదు. కానీ ఎగతాళి చేసే పిల్లలకు పెద్దవాళ్ల అనుమతి దొరికినట్టయింది. సెలవులయ్యాక ఇతని నోటు పుస్తకం మీద "జడలక్క" అని రాసి, పక్కన గాజుల బొమ్మ వేశారు. అప్పటి నుంచే రావడం తగ్గింది.

నేను వెళ్లిన రోజు తల్లి ఇంట్లోనే ఉంది. విషయం బయటపడ్డాక ఆమె ముందు తనని తానే తిట్టుకుంది. "నావల్లే మేడం. మగపిల్లాడికి ఆడపని అలవాటు చేశా. ఏం చెయ్యను, వాడు చూసుకోకపోతే నేను ఆటో ఎక్కలేను."

"మీరు తప్పేం చెయ్యలేదమ్మా" అన్నాను. "వాడు చేసేది ఇంటికి అవసరమైన పని. బడిలో వాడిని ఏడిపిస్తున్నారు. అది మేం సరిచెయ్యాల్సింది."

అబ్బాయిని పక్కకు పిలిచి, "ఏం నాన్నా, నేనేం చేస్తే బాగుంటుంది?" అని అడిగాను. చాలాసేపు నేల చూసి, "ప్రేయర్‌లో మాత్రం చెప్పొద్దు మేడం" అన్నాడు.

ఆ ఒక్క మాట మాకు దారి చూపించింది. ఇలాంటి కేసుల్లో మనం సాధారణంగా రెండు పనులు చేస్తాం. ఏడిపించిన వాళ్లని అందరి ముందు నిలబెట్టి శిక్షిస్తాం. లేదంటే ఏడ్చిన పిల్లవాడిని అందరి ముందు నిలబెట్టి, చూడండి ఎంత మంచివాడో అని మెచ్చుకుంటాం. రెండోది మంచిదనిపిస్తుంది, కానీ అదీ పిల్లవాడిని వేరుచేసి చూపించడమే. వండటం, జడ వేయడం ఒక మగపిల్లవాడు చేస్తే వింత అనే భావన అలాగే ఉంటుంది, కాకపోతే వింతకు చప్పట్లు కొడతాం. అది వింత కాకుండా పోవాలంటే మిగతా అబ్బాయిల చేతుల్లోకి కూడా ఆ పనులు రావాలి.

బడిలో ఎవరేం చేస్తున్నారు

హెచ్చెమ్ గారితో మాట్లాడి, ముందు ఎవరికీ ఏమీ చెప్పకుండా కొన్నాళ్లు గమనించాను. ఇరవై ఏళ్లుగా కళ్లముందున్నవే, ఒక కాగితం మీద రాసుకుంటే వేరేగా కనిపించాయి. తరగతి ఊడ్చే వంతుల్లో అన్నీ అమ్మాయిల పేర్లే. అబ్బాయిలకు బెంచీలు జరపడం, గంట కొట్టడం, జెండా కర్ర నిలబెట్టడం. ఊడ్చేది రోజూ ఉంటుంది, జెండా ఏడాదికి రెండుసార్లు. తనిఖీకి ఎవరైనా వస్తే పూల పళ్లెంతో నిలబడేది, హెచ్చెమ్ గదికి టీ తీసుకెళ్లేది అమ్మాయిలు. ఆ పూట వాళ్ల పాఠం పోయినట్టే. సైన్స్ ల్యాబ్‌లో పరికరం అబ్బాయి చేతిలో, రికార్డు అమ్మాయి చేతిలో. అబ్బాయి ఫస్ట్ లీడరు, అమ్మాయి సెకండ్ లీడరు. ఆటల పీరియడ్‌లో గ్రౌండంతా క్రికెట్, వాలీబాల్. అమ్మాయిలు వరండా పక్కన రింగు ఆడుకోవడం, లేదా కూర్చుని కబుర్లు.

స్టాఫ్‌లోనూ తేడా లేదు. రిటైర్మెంట్ ఫంక్షన్ వస్తే శాలువా, పూలు, భోజనాల లెక్క లేడీ టీచర్లకు, మైకు, వేదిక మగ టీచర్లకు.

ఆ అబ్బాయిని ఏడిపించిన పిల్లలు ఎక్కడ నేర్చుకున్నారని వేరే వెతకక్కర్లేదు. రోజూ ప్రార్థనకు ముందు ఊడ్చే పిల్లలెవరో చూస్తున్నారు. ఏ పని ఎవరిదో మేమే గోడకు అంటించి నేర్పాం.

ముందు వంతులు, తర్వాత పాఠం

స్టాఫ్ మీటింగ్‌లో ఒక ప్రతిపాదన పెట్టాను: బాలబాలికల సమానత్వం మీద ఉపన్యాసం వద్దు, ముందు పనుల పట్టిక మారుద్దాం. ఉపన్యాసాలు మా పిల్లలు బోలెడు విన్నారు. బాలికా దినోత్సవం, మహిళా దినోత్సవం రెండూ చేస్తాం. రెండు రోజులూ వేదిక ముందు ఊడ్చి, ముగ్గేసేది అమ్మాయిలే.

కొత్త పట్టికలో ప్రతి పనికీ రోల్ నంబరు వరస. అమ్మాయిలు, అబ్బాయిలు కలిసిన జట్లు. ఊడవడం, బెంచీలు, తాగునీళ్లు, గంట, బోర్డు, మొక్కలు, అన్నీ వారం వారం మారతాయి. ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుబట్టాను. పేర్లు టీచర్లు ఎంచకూడదు, రోల్ నంబరు ప్రకారమే పోవాలి. బడుల్లో ఊడ్చే పని ఎవరికి చెప్తారన్న దాంట్లో ఆడ, మగతో పాటు కులం కూడా ఉంటుంది. అమ్మాయిల చేతుల్లోంచి చీపురు తీసి ఎస్సీ కాలనీ అబ్బాయిల చేతికి ఇస్తే అది మార్పు కాదు. మరుగుదొడ్లు ఈ పట్టికలో లేవు, వాటికి ఆయా ఉన్నారు. టీచర్లకు టీ తెచ్చే పని పట్టికలోనే లేకుండా తీసేశాం. ఎవరి టీ వాళ్లు తెచ్చుకోవాలి. అన్నిటికంటే ఎక్కువ చర్చ దీని మీదే జరిగింది. "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా మేడం" అని ఒక సీనియర్ అడిగారు. చిన్నదే అయితే మానెయ్యడం కష్టం కాదు కదండీ అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

"గాజులు తొడుక్కో" అన్న టీచరుతో విడిగా మాట్లాడాను, నలుగురిలో కాదు. పిల్లవాడు బడి మానేస్తున్నాడని చెప్పేసరికి నిజంగా బాధపడ్డారు. ఆ రోజు స్టాఫ్ మీటింగ్‌లో ఒక సంగతి చదివి వినిపించాను. తీర్పుల్లో, వాదనల్లో స్త్రీల గురించి ఎలాంటి మూస మాటలు వాడకూడదో, వాటి బదులు ఏం వాడాలో చెప్తూ సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో ఒక చేతిపుస్తకం విడుదల చేసింది. న్యాయమూర్తులకే అది అవసరమైనప్పుడు మనం మాట సరిచూసుకోవడం నామోషీ కాదు అన్నాను. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా", "మగరాయుడిలా ఆ నడకేంటి", "రేపు ఒక ఇంటికి వెళ్లాల్సిన దానివి", ఇలాంటివి మేం రోజూ వాడేవి బోర్డు మీద రాశాం. ఆ జాబితా రాసింది ఆ టీచరే.

వంతులు మారిన వారం రోజుల తర్వాత పాఠం మొదలుపెట్టాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ప్రతి ఒక్కరూ ఒక మామూలు రోజు, ఒక ఆదివారం తమ ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేచారు, ఏ గంటలో ఏం చేశారు అని పట్టిక రాసుకురావాలి. తీర్పు చెప్పొద్దు, చూసింది రాయండి అన్నాను. తల్లి గడి నిండిపోయి పక్క గడిలోకి పోయింది. "నాన్న గడిలో ఏం రాయాలి మేడం, టీవీ రాయొచ్చా?" అని ఒకడు నిజాయితీగా అడిగాడు. రాయమన్నాను. కొందరు తండ్రులు పొలంలో ఎంత కష్టపడుతున్నారో కూడా అందులో కనిపించింది. అదీ రాయాల్సిందే. అయితే పొలం నుంచి వచ్చాక తండ్రికి మంచం, తల్లికి పొయ్యి అన్నది పిల్లలే చెప్పారు.

అప్పుడు దేశం లెక్క చెప్పాను. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. 2019లో ఇవి 299, 97. ఐదేళ్లలో ఇద్దరి సమయమూ తగ్గింది కానీ మధ్య దూరం దాదాపు అంతే ఉంది. 2019 లెక్కలనే 2021 జనవరిలో ఒక తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ ప్రస్తావించారు. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పరిహారం కేసు అది. భార్య గృహిణి, సంపాదన లేదు. గృహిణి చేసే పనికి విలువ లేదనుకోవడం తప్పని, దానికి ఆదాయం లెక్కగట్టాల్సిందేనని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఈ కేసు చెప్పేటప్పుడు తరగతి చాలా శ్రద్ధగా విన్నది. ఆ తీర్పులో విడిగా తన అభిప్రాయం రాసిన జస్టిస్ రమణ కృష్ణా జిల్లా పల్లెటూళ్లో పుట్టారనేది కూడా వాళ్లకు దగ్గరగా అనిపించింది.

ఈ పాఠం ముందు చెప్పి ఉంటే ఇంత బాగా పట్టేది కాదని నా అభిప్రాయం. అప్పటికే అబ్బాయిలు చీపురు పట్టుకుని ఉన్నారు. బెంచీల కింద ఊడవడానికి నడుం వంచాలనీ, తొందరపడితే దుమ్ము మళ్లీ పడుతుందనీ వాళ్లకు ఒంటికి తెలిసింది. 289 నిమిషాలు అప్పుడు వాళ్లకు ఒట్టి అంకె కాదు.

తల్లిదండ్రులు

అనుకున్నట్టే ఒక తండ్రి వచ్చారు. కోపంగానే వచ్చారు. "ఇంట్లో మావాడు తిన్న కంచం కూడా తియ్యడు మేడం. ఇక్కడ ఊడిపిస్తున్నారంట."

సమానత్వం గురించి మాట్లాడితే ఆయన వినే స్థితిలో లేరు. "టెన్త్ అయ్యాక ఎక్కడ చదివిద్దామనుకుంటున్నారండీ?" అని అడిగాను. విజయవాడలో హాస్టల్లో పెట్టి ఇంటర్ అన్నారు. అక్కడ గది ఎవరు ఊడుస్తారు, బట్టలు ఎవరు ఉతుకుతారు అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అదీ నిజమే" అని వెళ్లిపోయారు. ఇలా పనికొచ్చే మాటతో ఒప్పించడం సరికాదని, విలువ కోసమే మారాలని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. వాకిట్లో నిలబడ్డ మనిషికి ముందు లోపలికి రావడానికి ఒక కారణం కావాలి. విలువ గురించి పేరెంట్స్ మీటింగ్‌లో మాట్లాడుకోవచ్చు, మాట్లాడాం కూడా.

ఆ మీటింగ్‌లో మాకు ఎక్కువ సాయం చేసింది తల్లులు కాదు, ఇద్దరు నాయనమ్మలు. తల్లులు భర్తల పక్కన నోరు విప్పలేదు. నాయనమ్మలకు ఆ భయం లేదు. "నా కొడుక్కి నేను నేర్పలా, కోడలు పడతా ఉంది. మనవడికన్నా నేర్పండి" అని ఒకామె అందరిలో అన్నది. నేను ఎంత చెప్పినా అంత పనిచేయదు.

గ్రౌండు

ఇది అన్నిటికంటే కష్టమైంది. వారంలో సగం రోజులు గ్రౌండు అమ్మాయిలకు అని రాయడం తేలిక. మొదటి వారాల్లో అమ్మాయిలు గ్రౌండు అంచునే నిలబడ్డారు. "మాకు రాదు సార్" అని ఆటలు నేర్పే పీడీ గారికి చెప్పేవారు. ఆరో తరగతి నుంచి పక్కన కూర్చున్న వాళ్లకు ఎలా వస్తుంది? కూర్చోబెట్టింది మనం, రాదని నమ్మింది వాళ్లు. పీడీ గారు తొందరపెట్టలేదు. చిన్న తరగతుల అమ్మాయిలతో ఖోఖో మొదలుపెట్టారు, వాళ్లను చూసి పెద్ద తరగతులు కబడ్డీకి దిగాయి. చున్నీతో కబడ్డీ ఆడలేరు కాబట్టి ట్రాక్ ప్యాంటు, టీషర్టుకు హెచ్చెమ్ అనుమతి ఇచ్చారు. నెలసరి రోజుల గురించి లేడీ టీచర్లు విడిగా మాట్లాడారు. బాత్రూంలో నీళ్లు వచ్చేలా మోటారు బాగు చేయించడం ఆ మాటల కంటే ఎక్కువ పనిచేసింది.

ఇంటి నుంచి వచ్చిన అభ్యంతరం ఒక్కటే: ఎండలో నల్లబడితే సంబంధాలు రావు. దీనికి వాదన లేదు, ఎందుకంటే అది వాళ్ల నిజమైన భయం. నేను కర్ణం మల్లీశ్వరి గురించి చెప్పాను. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చింది, మన దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ ఆమె. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్. పిల్లలు ఉత్సాహపడ్డారు. తల్లిదండ్రులకు మాత్రం ఆట సమయాన్ని సాయంత్రానికి మార్చడం, చీకటి పడకముందే ఇళ్లకు పంపడం నచ్చింది.

సామెతలు

తెలుగు టీచరు గారు ఒక మంచి పని చేశారు. ఆడవాళ్ల గురించి, మగవాళ్ల గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే సామెతలు సేకరించి తెమ్మన్నారు. "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు" చాలామంది తెచ్చారు. "మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చింది" కూడా వచ్చింది. ఒక్కో సామెత దగ్గర ఆగి, ఇది ఎవరి గురించి, ఎవరు చెప్తే ఎవరు నవ్వుతారు అని అడిగారు. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదన్న దగ్గర అబ్బాయిలు ఎక్కువసేపు మాట్లాడారు. తాత చనిపోయినప్పుడు ఏడిస్తే కొట్టారని ఒకడు చెప్పాడు. ఆ తరగతిలో అతను అంత మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

రెండో సామెత దగ్గర ఒక అమ్మాయి, "ఇవన్నీ నాకు అమ్మే చెప్పింది మేడం, నాన్న కాదు" అన్నది. తొమ్మిదో తరగతిలో దాని మీద మాట్లాడుకున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సరైనదే అన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దాదాపు 84 శాతం. రెండు రాష్ట్రాల్లోనూ మగవాళ్ల శాతం అంతకంటే తక్కువే. ఈ అంకె చెప్పి ఆడవాళ్లకు ఆడవాళ్లే శత్రువులని తేల్చడం నాకు ఇష్టం లేదు. దెబ్బ తినేది వాళ్లు, దానికి కారణం వెతుక్కుని బతకాల్సింది కూడా వాళ్లే. రాజ్యాంగంలో ప్రాథమిక విధుల కింద 51ఏ(ఇ) చదివించాను: స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను విడిచిపెట్టడం ప్రతి పౌరుడి విధి. పరీక్ష కోసం బట్టీ పట్టిన వాక్యం అది. ఈసారి పిల్లలు దాని కింద సామెతలు రాసుకున్నారు.

ఇప్పుడు

ఆ అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉన్నాడు, రోజూ వస్తున్నాడు. వేసవికి ముందే హాజరు కుదుటపడింది. ఈసారి ముగ్గుల పోటీ ప్రకటనలో "అందరికీ" అని రాశాం. కొందరు అబ్బాయిలు సరదాగా పేర్లిచ్చి, వంకర చుక్కలతో తంటాలు పడ్డారు. ఇతను పేరివ్వలేదు. ఒకరిద్దరు టీచర్లు నిరాశపడ్డారు, పిలిచి అడగమన్నారు. నేను అడగలేదు. వేయాలా వద్దా అన్నది అతని ఇష్టం, మా కార్యక్రమం గెలిచిందని చూపించడానికి అతను ముగ్గు వేయాల్సిన పని లేదు. చెల్లెలికి జడ మాత్రం ఇప్పటికీ తనే వేస్తున్నాడు, గేటు బయట "జడలక్క" ఎప్పుడైనా వినిపిస్తుంది. లోపల వినిపించదు.

కబడ్డీలో బాగా ఆడే ఒక అమ్మాయిని దసరా తర్వాత ఇంట్లో ఆటలు మాన్పించారు. సంబంధాలు చూస్తున్నారని తెలిసింది. పదిహేనేళ్లు. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ వాళ్లతో కలిసి రెండు వైపుల పెద్దవాళ్లతో మాట్లాడాం, పెళ్లి ఆగింది, ఆట ఆగిపోయింది. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. కబడ్డీ కోర్టు గీసినంత తేలిగ్గా ఆ లెక్క మారదు.

ఫస్ట్ లీడరు, సెకండ్ లీడరు పద్ధతి తీసేసి ఇద్దరు లీడర్లు అన్నాం, కానీ టీచర్లు ఏదైనా పని చెప్పాలంటే ఇప్పటికీ అబ్బాయినే పిలుస్తున్నారు. దీన్ని నెలనెలా స్టాఫ్ మీటింగ్‌లో పెడుతున్నాం.

ప్రస్తుతం మళ్లీ కోతల కాలం. తల్లులు చేలకు వెళ్తే ఇంట్లో చంటిపిల్లల్ని చూసుకోవడానికి మానేస్తున్నది అమ్మాయిలే, అదే ఇంటి అబ్బాయిలు బడికి వస్తున్నారు. గైర్హాజరు పుస్తకంలో అన్నాచెల్లెళ్ల పేర్లు పక్కపక్కన రాసి చూస్తే ఇది స్పష్టంగా కనిపించింది. ఆ పుస్తకం తీసుకుని అంగన్‌వాడీ టీచరు దగ్గరికి వెళ్లాం. కోతల నెలల్లో కేంద్రం పొద్దున్నే తెరిచే వీలుందా అని అడిగాం. సూపర్‌వైజరుతో మాట్లాడి చెప్తానన్నారు. ఈలోగా పేరెంట్స్ కమిటీ నుంచి కూడా ఒక ఉత్తరం రాయిస్తున్నాం.